వాలంటీర్లను గడువు అడగడం తప్పా?

ఉత్తరం రాసినావిడ తన పేరు, ప్రాజెక్ట్ పేరు బయటపెట్టొద్దన్నారు. ఉత్తరం పెద్దది కాబట్టి ముఖ్యమైన సంగతులు మాత్రం ఇక్కడ చెబుతాను.

వీడియోలకు సబ్‌టైటిల్స్ తయారుచేసుకునే ఒక ఉచిత ఓపెన్ సోర్స్ (కోడ్‌ని ఎవరైనా చూసి మార్చుకోగలిగే) సాఫ్ట్‌వేర్ కోసం ఆవిడ నాలుగేళ్ళుగా పనిచేస్తున్నారు. రెండేళ్ళ కిందట పాత మెయింటెయినర్, అంటే ప్రాజెక్ట్‌ని చూసుకునే మనిషి, తప్పుకోవడంతో నడిపించే బాధ్యత కూడా ఆవిడ మీదే పడింది. ఎవరికీ జీతం లేదు. ఉద్యోగమో చదువో చూసుకుని మిగిలిన టైమ్‌లో చేసేవాళ్ళే అందరూ. జాబితాలో 11 మంది పేర్లున్నాయి, నెలకోసారి ఆన్‌లైన్‌లో కలుసుకుంటారు, మీటింగ్ ప్రతిసారీ ఉత్సాహంగానే ముగుస్తుంది. "అది నేను చూస్తాను", "ఈ నెల కొంచెం ఖాళీ దొరికితే కూర్చుంటాను", "తప్పకుండా చేద్దాం". నెల తిరిగేసరికి మళ్ళీ అవే పనులు, అవే మాటలు.

ఒక పని దగ్గర ఈ వ్యవహారం బాగా ముదిరింది. ధ్వనిని అలల్లా గీసి చూపించే వేవ్‌ఫామ్ భాగం ఒక పాత లైబ్రరీ (వేరేవాళ్ళు రాసిపెట్టిన రెడీమేడ్ కోడ్) మీద ఆధారపడి ఉంది. ఆ లైబ్రరీని రాసినవాళ్ళు ఎప్పుడో వదిలేశారు, కొత్త ఆపరేటింగ్ సిస్టమ్‌లలో అది తరచూ క్రాష్ అవుతోంది. మొదట్లో ఆ భాగం రాసిన సీనియర్ ఒకాయన తొమ్మిది నెలల కిందటి మీటింగ్‌లో "అది నాకొదిలేయండి" అన్నారు. ఆ తర్వాత ఒక్క లైన్ కోడ్ రాలేదు. మధ్యలో ఒక కొత్త వ్యక్తి వచ్చి ఆ పని నేను చేయనా అని అడిగితే, ఆయన చేస్తున్నారు, కొన్నాళ్ళు ఆగండి అని ఈవిడే చెప్పారు. ఆ వ్యక్తి రెండు నెలలు చూసి వెళ్ళిపోయారు. ఈలోగా సంవత్సరం చివరికి కొత్త వెర్షన్ ఇస్తామని వాడేవాళ్ళకు మాటిచ్చి ఉన్నారు. వినికిడి లోపం ఉన్న పిల్లలకు పాఠాల వీడియోలు చేసే ఒక టీచర్ ఎప్పుడొస్తుందని ప్రతి నెలా మెయిల్ రాస్తున్నారు. ఉత్తరం రాసినావిడ రాత్రిళ్ళు నిద్ర మానుకుని చిన్న చిన్న బగ్‌లు తనే సరిచేస్తున్నారు, "డాక్యుమెంటేషన్ కూడా నా మీదే ఉంది, అదీ కదలడం లేదు" అని ఒక చోట రాశారు.

ఆవిడ అడుగుతున్నది ఇదీ: "డబ్బులివ్వని చోట గట్టిగా అడిగే హక్కు నాకుందా? అడిగితే ఉన్న నలుగురూ నొచ్చుకుని వెళ్ళిపోతారని భయం. అడక్కపోతే ప్రాజెక్టే మిగలదని భయం. ఆ సీనియర్ నాకు పని నేర్పిన మనిషి, ఆయన్ని ఏ మొహంతో అడగను?"

మీ మొదటి ప్రశ్నకు ముందు జవాబు చెప్పేస్తాను. అడిగే హక్కు మీకుంది. అయితే ఏం అడగాలన్నది తేల్చుకోవాలి, మీ టెన్షన్‌లో సగం అక్కడే ఉందని నాకనిపిస్తోంది.

జీతం లేని మనిషిని ఈ పని చేసి తీరాలి అనలేం. లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌ని వాలంటీర్లతో తయారుచేసే డెబియన్ ప్రాజెక్ట్ ఈ సంగతిని ఏకంగా తన రాజ్యాంగంలోనే రాసుకుంది: ప్రాజెక్ట్ కోసం పనిచేయాల్సిన బాధ్యత ఎవరి మీదా లేదు, అప్పగించిన పని ఇష్టం లేకపోతే చేయనక్కర్లేదు. 1993లో మొదలైన ప్రాజెక్ట్ అది, లెక్కలేనన్ని సర్వర్లు దాని మీద నడుస్తున్నాయి, అయినా అక్కడ ఎవరికీ ఎవరిచేతా బలవంతంగా పని చేయించే అధికారం లేదు. మరి అక్కడ పనులెలా జరుగుతున్నాయంటే, ఏ పని ఎవరి చేతిలో ఉంది, ఏది ఎవరి చేతిలోనూ లేదు అన్నది అందరికీ కనపడేలా పెట్టుకోవడం దానికి ఒక పెద్ద కారణం.

కాబట్టి వాలంటీర్‌ని పని కోసం నిలదీయలేరు గానీ, ఆ పని సంగతేంటో చెప్పమని అడగొచ్చు. చేస్తున్నారా, ఆపేశారా, ఇంకా తేల్చుకోలేదా, తేల్చుకోవడానికి ఎన్ని రోజులు కావాలి? ఇది అడగడం ఎవరి స్వేచ్ఛనీ తగ్గించదు. ఎందుకంటే "నాకు కుదరడం లేదు" అన్నది కూడా ఈ ప్రశ్నకు పూర్తి జవాబే. వాలంటీర్ పనిలో మాటివ్వడమంటే తప్పకుండా పూర్తి చేస్తాననడం కాదని నేను నమ్ముతాను. ఎవరి ఇంట్లో ఎప్పుడు ఏ ఇబ్బంది వస్తుందో తెలియదు, అంత మాట ఎవరూ ఇవ్వలేరు కూడా. ఇవ్వగలిగిన మాట ఇంకొకటుంది: నేను చేయలేనని నాకు తెలిసిన రోజు మీకూ తెలుస్తుంది. ఈ ఒక్క మాట అందరి దగ్గరా ఉంటే మీ ప్రాజెక్ట్‌లో ఇప్పుడున్న చిక్కు సగానికి పైగా విడిపోతుంది.

మీ మీటింగ్‌లలో ఏం జరుగుతోందో చూడండి. ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. ఎవరూ మాట తప్పడం కూడా లేదు, ఎందుకంటే అక్కడ ఎవరూ మాట ఇవ్వలేదు. ఒక పని గురించి మీరు చెబుతారు, ఎవరూ మాట్లాడరు, ఆ మౌనం ఇబ్బందిగా ఉంటుంది, మంచి మనసున్న ఒకరు "నేను చూస్తాను" అంటారు, అందరూ ఊపిరి పీల్చుకుంటారు, మీరు తర్వాతి విషయానికి వెళ్ళిపోతారు. ఆ మనిషి మనసులో ఉన్నది "ఇది జరిగితే బాగుంటుంది, నాకూ ఆసక్తి ఉంది" అన్న కోరిక. మీరు విన్నది "ఇది ఈయన చేస్తారు" అని. రెండింటికీ మధ్య ఉన్న దూరాన్ని కొలవడానికి ఇంకొక్క ప్రశ్న చాలు, కానీ అడిగితే అనుమానించినట్టు ఉంటుందేమోనని అక్కడ ఎవరూ అడగరు.

ఆ తర్వాత జరిగే నష్టం ఎవరికీ కనపడదు. ఎవరూ తీసుకోని పని కనీసం జాబితాలో ఖాళీగా కనపడుతుంది, చేయాలనుకునేవాళ్ళు వచ్చి అందుకుంటారు. "నేను చూస్తాను" అనిపించుకున్న పని కర్చీఫ్ వేసిన సీటు లాంటిది. మనిషి లేడు, కానీ ఇంకొకరు కూర్చోవడానికి లేదు. మీ దగ్గరికొచ్చిన ఆ కొత్త వ్యక్తి వెళ్ళిపోయింది సరిగ్గా అందుకే. పని కొన్నాళ్ళు జరగకపోవడం కంటే, చేయడానికి వచ్చిన మనిషి వెనక్కి వెళ్ళిపోవడం చాలా పెద్ద దెబ్బ. పని ఎప్పుడైనా మొదలుపెట్టుకోవచ్చు, అలాంటి మనిషి మళ్ళీ దొరకడం కష్టం.

ఇక ఆ సీనియర్ గారి సంగతి. మిమ్మల్ని ఎక్కువ బాధపెడుతున్నది ఇదే అని ఉత్తరంలో తెలుస్తూనే ఉంది.

ఆయన మౌనాన్ని మీరు నిర్లక్ష్యం అనుకుంటున్నారు, అయి ఉండొచ్చు కూడా. కానీ ఇలాంటి చోట్ల నేను ఎక్కువగా చూసింది వేరే. మొదటి నెలలో కుదరదు, రెండో నెలలో చెబుదామనుకుంటారు, మూడో నెలకు "ఇన్నాళ్ళూ చెప్పకుండా ఇప్పుడేం చెప్పను" అన్న సిగ్గు మొదలవుతుంది, ఆరో నెలకు మీటింగ్‌కి రావడమే భారం అవుతుంది. తొమ్మిది నెలలు దాటాక ఆయనకు కోడ్ రాయడం కంటే మీకు జవాబు రాయడమే కష్టంగా ఉండి ఉంటుంది. మీరు అడగకుండా ఉండటం ఆయనకు గౌరవం ఇచ్చినట్టు అనుకుంటున్నారు. నిజానికి ఆయన్ని ఆ సిగ్గులోనే వదిలేసినట్టవుతోందేమో ఆలోచించండి. ఎవరైనా వచ్చి "పర్లేదు, ఇది దించేయొచ్చు" అంటే బాగుండునని ఆయనే ఎదురుచూస్తూ ఉండవచ్చు.

మీ ముందు మూడు దారులున్నాయి.

ఒకటి, ఆయనకు విడిగా రాయడం. గ్రూప్‌లో కాదు, అందరి ముందు అసలే కాదు. ఉదాహరణకి ఇలా: "సర్, వేవ్‌ఫామ్ భాగాన్ని కొత్త లైబ్రరీకి మార్చే పని గురించి రాస్తున్నాను. మీకు ఇప్పుడు దానికి టైమ్ ఉందో లేదో నాకు తెలియడం లేదు. ఉంటే, మొదట ఏ చిన్న భాగం ఎప్పటికి పంపగలరో చెప్పండి. లేకపోతే ఏమీ అనుకోను, ఈ నెల 20 తర్వాత ఆ పని ఖాళీగా ఉందని జాబితాలో రాసేస్తాను, మీకు మళ్ళీ కుదిరిన రోజు ఎప్పుడైనా వచ్చి అందుకోవచ్చు. మీరు జవాబు రాయలేకపోయినా సరే, అలాగే చేస్తాను." ఆ చివరి వాక్యం ముఖ్యం. జవాబు రాకపోతే ఏమవుతుందో ముందే చెప్పేస్తున్నారు కాబట్టి, ఆయన మౌనంగా ఉన్నా పని ఆగదు, మీరు మళ్ళీ మళ్ళీ గుర్తుచేసి ఇద్దరూ ఇబ్బంది పడే అవసరమూ ఉండదు. ఈ దారిలో ఆయన నొచ్చుకునే అవకాశం కొంచెం ఉంది. "నా కోడ్ నా దగ్గర్నుంచి లాక్కుంటున్నారు" అనుకోవచ్చు. లేదా "చేస్తాను, వచ్చే నెల" అని మళ్ళీ అదే మాట అనొచ్చు. అప్పుడు తలూపి ఊరుకోకండి, "సరే, మరి ఈ రెండు వారాల్లో నాకు కనపడే మొదటి ముక్క ఏది?" అని అక్కడే అడగండి. అది ఎంత చిన్నదైనా పర్లేదు.

రెండోది, ఆయన పాత్ర మార్చడం. ఆయన రాయాల్సిన అవసరం లేదు, రాసేవాళ్ళకు చెబితే చాలు. ఆ పాత కోడ్ అలా ఎందుకు రాశారు, ఏ ఫైల్ ఫార్మాట్ దగ్గర జాగ్రత్తగా ఉండాలి, ఏది పీకేసినా ఫర్వాలేదు అన్నది ఆయన తలలో ఉంది, ఇంకెక్కడా రాసి లేదు. దాన్ని ఒక గంట కాల్‌లో రాబట్టగలిగితే, పని ఎవరు చేసినా సగం భారం దిగిపోతుంది. "మీరు చేయండి" అన్నదానికంటే "మీకు తెలిసింది ఇంకొకరికి చెప్పండి, వాళ్ళ కోడ్ మీరు రివ్యూ చేయండి" అన్నది ఆయన అనుభవానికి తగిన అభ్యర్థన కూడా. ఇక్కడ ఒక్క ప్రమాదం ఉంది. రివ్యూకి కూడా ఆయన దొరక్కపోతే అడ్డం ఇంకో చోటికి మారుతుందంతే. అందుకే "ఆయన వారంలో చూడకపోతే నేను చూసి కలిపేస్తాను" అని ముందే అనుకోవాలి.

మూడోది, ఆయన్ని అడక్కుండా పని ఖాళీ అని ప్రకటించేసి వేరేవాళ్ళని పిలవడం. ఇది తొందరగా అవుతుంది, కోడ్ పరంగా తప్పేమీ లేదు, కానీ మీకు పని నేర్పిన మనిషితో ఉన్న సంబంధం తెగిపోవచ్చు, మిగతావాళ్ళు కూడా "రేపు నాకూ ఇంతే" అనుకోవచ్చు. పై రెండూ చేసి చూశాక తప్ప దీని జోలికి వెళ్ళకపోవడం మంచిదని నా అభిప్రాయం. నేనైతే మొదటిదీ రెండోదీ కలిపి ఒకే మెసేజ్‌లో రాస్తాను. మీకు ఆయన స్వభావం తెలుసు, నాకు తెలియదు, కాబట్టి తేల్చాల్సింది మీరే.

ఆయన ఒక్కరి సంగతి తేలినంత మాత్రాన ప్రాజెక్ట్ అలవాటు మారదు. దానికి అందరికీ వర్తించే ఒక పద్ధతి కావాలి, అది మనుషుల్ని బట్టి మారకూడదు. అప్పుడు అడగడం మీ వ్యక్తిగత కోపంలా కనపడదు.

డెబియన్‌లో ఒక సాఫ్ట్‌వేర్‌ని కొత్తగా ప్యాకేజ్ చేద్దామనుకున్నవాళ్ళు, అంటే డెబియన్‌లో ఇన్‌స్టాల్ చేసుకునేలా సిద్ధం చేద్దామనుకున్నవాళ్ళు, ముందు ఐటీపీ అనే బగ్ రిపోర్ట్ తెరుస్తారు, "ఇది నేను చేయాలనుకుంటున్నాను" అని అందరికీ తెలిసేలా. ఇద్దరు తెలియక ఒకే పని చేయకుండా ఉండటానికి అది. కానీ చాలాకాలం కదలిక లేకపోతే దాన్ని ఆర్‌ఎఫ్‌పీగా, అంటే "ఎవరైనా చేయండి" అనే విన్నపంగా మార్చేస్తారు. ఇప్పటికే ఉన్న ప్యాకేజీల విషయంలో కూడా "నాకు సాయం కావాలి", "దీన్ని ఇంకెవరైనా తీసుకుంటే ఇచ్చేస్తాను", "దీన్ని వదిలేశాను" అని మూడు వేర్వేరు గుర్తులున్నాయి. నాకు ఇందులో బాగా నచ్చేది, పని వదిలేయడానికి కూడా ఒక మామూలు, మర్యాదైన పద్ధతి ఉండటం. ఫారం నింపినట్టు వదిలేయొచ్చు, ఎవరికీ సంజాయిషీ ఇచ్చుకోనక్కర్లేదు. లినక్స్ కెర్నల్‌లో, అంటే ఆ ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెలాంటి కోడ్‌లో, మెయింటెయినర్స్ అనే ఫైల్ ఉంది, అందులో ప్రతి భాగం పక్కనా దాని స్థితి రాస్తారు: జీతం తీసుకుని చూసేవాళ్ళున్న భాగం సపోర్టెడ్, ఎవరో ఒకరు నిజంగా చూసుకుంటున్నది మెయింటెయిన్డ్, వీలున్నప్పుడు ఏవో చిన్న మరమ్మతులు మాత్రమే జరిగేది ఆడ్ ఫిక్సెస్, ఎవరూ లేనిది ఆర్ఫన్. "దీనికి ఎవరూ లేరు" అని ఫైల్‌లో రాయడానికి అంత పెద్ద ప్రాజెక్టే మొహమాటపడదు.

మీ 11 మందికి ఇంత తతంగం అక్కర్లేదు. ఎవరైనా పని తీసుకుంటే ఇష్యూలో (ఆ పని గురించి ఆన్‌లైన్‌లో రాసిపెట్టిన పేజీలో) పేరు, తేదీ రాయాలి. రెండు వారాల్లో బయటికి కనపడేది ఏదో ఒకటి రావాలి: సగం పనిచేసే బ్రాంచ్ (విడిగా ఉంచిన కోడ్ కాపీ) అయినా, "ఇక్కడ ఇరుక్కున్నాను" అన్న కామెంట్ అయినా. ఏమీ రాకపోతే ఎవరో ఒకరు మర్యాదగా అడుగుతారు, ఇంకో వారం చూసి పేరు తీసేస్తారు. పేరు తీసేసినప్పుడు ప్రతిసారీ ఒకే వాక్యం రాయండి, "పని ఖాళీ అయింది, కుదిరినప్పుడు మళ్ళీ తీసుకోవచ్చు" అని. దీన్ని బాట్‌తో (తనంతట తానే మెసేజ్‌లు పెట్టే ప్రోగ్రామ్‌తో) చేయించొచ్చా అంటే చేయించొచ్చు, అది ఎవరి మీదా పక్షపాతం చూపదు, మీకూ నెత్తిన భారం తగ్గుతుంది. కానీ చిన్న గుంపులో బాట్ రాసే మెసేజ్ చల్లగా తగులుతుంది, ఆసుపత్రిలో ఎవరినో చూసుకుంటున్న మనిషికి అది చదివితే ఎలా ఉంటుందో ఊహించండి. మీ సైజుకి మనిషి రాయడమే మేలు, ఆ రాసే మనిషి మీరు కాకపోతే ఇంకా మేలు. ఈ ఒక్క బాధ్యత ఇంకెవరికైనా ఇవ్వండి.

ఇలాంటి పద్ధతి పెడితే కొందరు "ఆఫీసులా తయారైంది" అంటారు. ఆ మాటలో కొంత నిజముంది, దాన్ని కొట్టిపారేయకండి. అందుకే నియమాలు ఎన్ని తక్కువ ఉంటే అంత మంచిది.

ఇప్పుడు పని సైజు గురించి. నాకు ఇది అన్నిటికంటే ముఖ్యం అనిపిస్తుంది. "వేవ్‌ఫామ్‌ని కొత్త లైబ్రరీకి మార్చడం" అన్నది ఒక పని కాదు, అది కొన్ని నెలల ప్రయాణం. దాన్ని ఒక మనిషి ఒక్క మీటింగ్‌లో "నాకొదిలేయండి" అని తీసుకున్నప్పుడే అది ఆగిపోతుందని ఊహించొచ్చు, ఆ మనిషి ఎంత సమర్థుడైనా సరే. శనివారం సాయంత్రం రెండు గంటలు దొరికిన మనిషి ఆ పనిని ఎక్కడ పట్టుకోవాలో తెలియక ఇంకేదో చేసుకుంటారు. అదే "కొత్త లైబ్రరీతో ఒక్క ఆపరేటింగ్ సిస్టమ్ మీద బిల్డ్ (కోడ్ నుంచి నడిచే ప్రోగ్రామ్ తయారు) అయ్యేలా చూడటం, ఏమీ గీయకపోయినా పర్లేదు" అంటే అది ఆ రెండు గంటల పని. "పాత కోడ్‌లో లైబ్రరీని నేరుగా పిలిచే చోట్లన్నీ వెతికి ఒక జాబితా రాయడం" ఇంకో పని, దీనికి ఆ భాగం తెలియనివాళ్ళు కూడా చాలు. "పరీక్ష కోసం అయిదు రకాల ఆడియో ఫైళ్ళు సేకరించి పెట్టడం" ఇంకోటి, ఇది కోడ్ రాయనివాళ్ళు, ఆ టీచర్ గారు కూడా చేయగలరు. ఇలా ముక్కలు చేయడం మీ ఒక్కరి వల్ల కాదు, సీనియర్ గారితో చేసే ఆ గంట కాల్‌లో అడగాల్సింది ముఖ్యంగా ఇదే. ఈ ముక్కలు లేకుండా గడువులు పెడితే మాత్రం మనుషుల్ని ఒత్తిడి పెట్టడం తప్ప ఏమీ కాదు.

చిన్న ముక్క తీసుకున్న మనిషిని ఎప్పుడు చేస్తారో కూడా అడగండి, అయితే గడువులా అడక్కండి. మనస్తత్వ శాస్త్రంలో పీటర్ గోల్విట్జర్ అనే ఆయన దీని మీద చాలా పనిచేశారు. "ఇది చేయాలి" అనుకోవడం కంటే "ఫలానా సమయం వచ్చినప్పుడు, ఫలానా చోట, ఇలా మొదలుపెడతాను" అని ముందే అనుకున్నవాళ్ళు ఆ పని నిజంగా చేసే అవకాశం బాగా ఎక్కువని, ఇలాంటి 94 అధ్యయనాల ఫలితాలను కలిపి 2006లో ఆయన, పాస్కల్ షీరన్ చూపించారు. మీటింగ్‌లో దీన్ని వాడుకోవడం తేలికే. ఎవరైనా "చూస్తాను" అంటే, "ఈ వారంలో మీకు ఏ రోజు కుదురుతుంది? మొదట ఏ ఫైల్ తెరుస్తారు?" అని మామూలుగా అడగండి. జవాబు వెంటనే వస్తే పని జరిగేలా ఉంది. జవాబు తడబడితే, "అయితే దీన్ని ప్రస్తుతానికి ఖాళీగానే ఉంచుదాం, మీకు ఆసక్తి ఉందని పక్కన రాసుకుంటాను" అనేయండి. ఆ మనిషికి అక్కడికక్కడే ఊరట దొరుకుతుంది, మీ జాబితా కూడా ఉన్నదున్నట్టు చెబుతుంది. చాలా ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులను చూసుకునే అపాచీ ఫౌండేషన్‌లో రిలీజ్‌కి ప్లస్ వన్ (సరే అనే) ఓటు వేయాలంటే ఆ కోడ్ తమ సొంత మెషీన్‌లో దించుకుని, బిల్డ్ చేసి, పరీక్షించి ఉండాలని నియమం ఉంది. అంటే అక్కడ సరే అనడానికి ముందే కొంచెం పని చేసి ఉండాలి. మీకూ అలాంటిదే కావాలి: "నాది" అనడానికి ముందు కనీసం ఇష్యూ పూర్తిగా చదివి, మొదటి అడుగు ఏమిటో ఒక వాక్యంలో రాయగలగాలి.

మాట రెండు వైపులా ఉంటుందన్నది మర్చిపోకండి. ఒకరు కష్టపడి ప్యాచ్ (కోడ్‌లో మార్పు) పంపితే అది మీ దగ్గర నెలల తరబడి రివ్యూ కాకుండా పడి ఉంటే, వాళ్ళని గడువు అడిగే నైతిక బలం మీకుండదు. ప్రాజెక్ట్ తరఫున మీరివ్వగలిగిన మాట ఒకటి ముందు ఇవ్వండి. ఉదాహరణకి, పుల్ రిక్వెస్ట్ (నా మార్పు కలుపుకోండి అన్న విన్నపం) వస్తే వారంలోగా ఏదో ఒక జవాబు. పూర్తి రివ్యూ కానక్కర్లేదు, "చూశాను, ఆదివారం పూర్తిగా చదువుతాను" అన్నా చాలు. అది మీరు నిలబెట్టుకోలేరనిపిస్తే, రెండు వారాలనండి. నిలబెట్టుకోగలిగినదే అనండి.

ఇక్కడే మీ డాక్యుమెంటేషన్ సంగతి. అది మీ మీద ఎన్నాళ్ళుగా ఉందో రాయలేదు, కానీ ఆ ఒక్క వాక్యం చదివాక నాకొకటి తోచింది. కొత్త పద్ధతి గురించి వచ్చే మీటింగ్‌లో చెప్పేటప్పుడు మొదట మీ పేరునే తీసేయండి. "డాక్యుమెంటేషన్ నా వల్ల కావడం లేదు, దీన్ని ఖాళీ చేస్తున్నాను, ఇన్‌స్టాల్ చేసే పేజీ ఒక్కటి మాత్రం నేను 15వ తారీకుకి రాస్తాను" అని అందరి ముందు చెప్పండి. పని వదిలేయడం ఇక్కడ నేరం కాదని నిబంధన రాసి చెప్పడం కంటే, నడిపించే మనిషి స్వయంగా వదిలేసి చూపిస్తే అందరికీ త్వరగా అర్థమవుతుంది. సీనియర్ గారికి కూడా అది చాలా పెద్ద ఊరట అవుతుంది.

వెళ్ళిపోయిన ఆ కొత్త వ్యక్తికి ఇవాళే రాయండి. "అప్పుడు మిమ్మల్ని ఆగమన్నాను, అది నా పొరపాటు, ఇప్పుడు ఈ మూడు చిన్న ముక్కలు ఖాళీగా ఉన్నాయి" అని చాలు. రాకపోవచ్చు. వస్తే మాత్రం సంతోషంలో మొత్తం తాళాలు చేతికిచ్చేయకండి. 2024 మార్చిలో బయటపడిన ఎక్స్‌జెడ్ (ఫైళ్ళను కుదించే ఒక ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్) వ్యవహారంలో జరిగింది అదే. ఆ ప్రాజెక్ట్ మెయింటెయినర్ ఒంటరిగా అలసిపోయి ఉన్నప్పుడు కొన్ని ఖాతాలు "పని నెమ్మదిగా ఉంది, ఇంకొకరిని తీసుకోండి" అని ఒత్తిడి పెట్టాయి, సాయానికొచ్చిన ఒక ఖాతా రెండేళ్ళకు పైగా నమ్మకంగా పనిచేసి అధికారాలు సంపాదించి, చివరికి అందులో బ్యాక్‌డోర్ (దొంగదారి) పెట్టింది. మీ దగ్గరికొచ్చిన మనిషిని అనుమానించమని చెప్పడం లేదు. కోడ్ రాయడానికి రిలీజ్ చేసే అధికారం అక్కర్లేదు, ఆ రెండిటినీ విడిగా ఉంచండి, అలసటలో తొందరపడి కలపకండి అంటున్నానంతే.

సంవత్సరం చివరి రిలీజ్ గురించి. వేవ్‌ఫామ్ పూర్తయ్యేదాకా ఆగి ఒకేసారి ఇవ్వడం ఒక దారి, అప్పుడు తేదీ తప్పుతుంది, అది వాడేవాళ్ళకు ఇప్పుడే చెప్పాలి. ఇంకో దారి, తేదీని అలాగే ఉంచి ఆ రోజుకి ఏవి సిద్ధంగా ఉంటే వాటితో ఇచ్చేయడం. లినక్స్ కెర్నల్ అలాగే నడుస్తుంది, కొత్త కోడ్ తీసుకోవడానికి రెండు వారాలు, ఆపైన సరిచేయడాలు, మొత్తం 9 నుంచి 10 వారాలకొక రిలీజ్, అందుకోలేనిది తర్వాతి దాంట్లోకి వెళుతుంది. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష కూడా 3.9 వెర్షన్ నుంచి ప్రతి సంవత్సరం అక్టోబర్‌లో కొత్త వెర్షన్ ఇచ్చే పద్ధతికి మారింది. తేదీ మారదని తెలిస్తే "ఈసారికి కాదు, వచ్చేసారి" అనడం ఎవరికీ బాధగా ఉండదు. కానీ ఇందులో కూడా నష్టం ఉంది: మీ వాళ్ళు ఎదురుచూస్తున్నది వేవ్‌ఫామ్ కోసమైతే, అది లేని రిలీజ్ చూసి నిరాశపడతారు. ఏ దారి ఎంచుకున్నా ఆ టీచర్ గారికి ఇప్పుడే నిజం రాయండి: ఏ వెర్షన్, ఏ సిస్టమ్ మీద క్రాష్ కాకుండా నడుస్తుంది, కొత్తది ఎప్పుడొస్తుందో మీకే తెలియదు అని. ఆవిడకు కావలసింది పాఠాలు ఆగకుండా ఉండటం, దాన్ని బట్టి ఆవిడ ఏర్పాటు ఆవిడ చేసుకుంటారు. ఎవరో ఒకరికి డబ్బిచ్చి ఈ ఒక్క పని చేయించడం కూడా కుదరొచ్చు, విరాళాలు వస్తే. కానీ 11 మందిలో ఒకరికే డబ్బు ముడితే మిగతావాళ్ళ మనసులో ఏం మెదులుతుందో ముందే అందరితో మాట్లాడుకుని గానీ మొదలుపెట్టకండి.

ఇక మీ భయం, అందరూ వెళ్ళిపోతారేమోనని. కొందరు వెళ్ళొచ్చు. జాబితాలో పేర్లు 11 నుంచి 5కి దిగొచ్చు. కానీ ఆ అయిదుగురే ఇప్పుడు కూడా పనిచేస్తున్నారు, తేడా ఏమిటంటే మీ ప్లాన్ 11 మందిని లెక్కేసుకుని ఉంది. అయిదుగురని తెలిసిన రోజు మీరు అయిదుగురికి సరిపడే పని పెట్టుకుంటారు, రాత్రిళ్ళు నిద్రపోతారు. మిగిలిన ఆరుగురిని మాత్రం పొమ్మనకండి, పనికిరానివాళ్ళలా చూడకండి. మీటింగ్‌కి వచ్చి నాలుగు మాటలు మాట్లాడి, బగ్ కనపడితే చెప్పి, కొత్తవాళ్ళకు జవాబిచ్చే మనుషులు ప్రాజెక్ట్‌కి ఊపిరి లాంటివాళ్ళు, వాళ్ళని పని లెక్కల్లోకి లాగకుండా ఉండనివ్వాలి. నచ్చి వచ్చేవాళ్ళకు చోటుండాలి, పేరు రాసుకున్న పనికి మాత్రమే ప్రశ్న ఉండాలి. కుబెర్నెటీస్ లాంటి పెద్ద ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులు, ఒకప్పుడు బాధ్యత మోసి ఇప్పుడు తప్పుకున్నవాళ్ళ పేర్లను ఎమెరిటస్ అని విడిగా, గౌరవంగా ఉంచుతాయి. మీరు కూడా అలాంటి చోటు ఒకటి పెట్టుకోవచ్చు.

ఇవన్నీ చదివి "నాకు ఇది కూడా చేసే ఓపిక లేదు" అనిపిస్తే, అది కూడా ఒక దారే. మీరూ వాలంటీరే. పైథాన్‌ని సృష్టించిన గైడో వాన్ రోసమ్ 2018 జూలైలో నాయకత్వం నుంచి తప్పుకున్నారు, 2019 నుంచి ఎన్నికైన అయిదుగురి స్టీరింగ్ కౌన్సిల్ దాన్ని నడుపుతోంది. మీ ప్రాజెక్ట్‌కి అంత బలగం లేదు, మీరు తప్పుకుంటే నిజంగానే ఆగిపోవచ్చు, ఆ సంగతి దాచను. అయినా వెళ్ళాలనుకుంటే, ఫలానా తేదీ వరకు ఉంటాను, ఆ తర్వాత రిలీజ్ పని నాది కాదు అని మూడు నెలల ముందే చెప్పి వెళ్ళండి. చెప్పకుండా మాయమవడం మాత్రం మీకే తర్వాత బాధ పెడుతుంది, మీ సీనియర్ గారి పరిస్థితి చూస్తున్నారుగా.

ఉండాలనుకుంటే, వచ్చే మీటింగ్‌కి ముందు చేయాల్సినవి రెండే: సీనియర్ గారికి ఆ మెసేజ్, కొత్త వ్యక్తికి ఆ మెయిల్. మీటింగ్‌లో కొత్త పనులేవీ పంచకండి, పాత జాబితా తెరిచి ఒక్కో పేరు దగ్గరా "ఇది ఉంచనా, తీసేయనా?" అని మాత్రం అడగండి. సీనియర్ గారు ఆ రోజు రాకపోతే ఆయన పేరు దగ్గర ఆగి చర్చ పెట్టకండి, ఆయనకు రాసిన తేదీ ఇంకా దాటలేదని చెప్పి తర్వాతి పేరుకి వెళ్ళిపోండి. ఆ తేదీ దాటాక ఏం జరిగిందో వీలైతే నాకు రాయండి, ఆయన జవాబును బట్టి చెప్పాల్సింది ఇంకా ఉండొచ్చు.